ఎక్కని ప్లగిన్

"ప్లగిన్ ఎక్కట్లేదు వదినా. అది లేందే ఈ లినక్స్‌లో బ్రౌజర్ వీడియో చూపించదు," వారం రోజులుగా పాడుతున్న పాటే పాడాడు మరిది.

ఫ్యాక్టరీ గోడౌన్ తగలబడినప్పుడు లోపల చిక్కుకున్న ఆమె భర్త ఆఖరి ఘడియలు అక్కడి సీసీ కెమెరా వీడియోలో ఉన్నాయి. చూస్తే గాని ఆమె మనసు ఊరుకునేలా లేదు.

"జరుగు బాబాయ్, నేనెక్కిస్తా," అంటూ కూతురు కీబోర్డు లాక్కుని కమాండ్ కొట్టింది. తెర మీద తేదీతో సహా జవాబొచ్చింది.

"ఇది ఎప్పుడో ఎక్కిందమ్మా. నాన్న పోయిన మర్నాడే."

మరిది తలెత్తలేదు. క్షణంలో పోయాడని, నొప్పి కూడా తెలిసుండదని ఆమెను ఓదార్చింది అతనే.

ఆమె లాప్‌టాప్ మూసేసింది.

"చెప్పు. మీ అన్నయ్య ఎంతసేపు బతికున్నారు?"

"నలభై నిమిషాల వీడియో వదినా. ఆఖరిదాకా తలుపు బాదుతూనే ఉన్నాడు."