అరచేతిలో మామగారి కారు

"ఆ గీత కూడా పెట్టాలా బాబూ?" అన్నారు అత్తగారు, కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక చేత్తోనే పట్టుకుని.

బల్ల మీద జానెడు ఖాళీ లేదు మరి. ఇసక కాగితం ముక్కలు, పళ్ళపుల్లలు, రంగు సీసాలు, భార్య ఇల్లంతా వెతికి ఆశ వదులుకున్న కనుబొమల పట్టకారు. వీటన్నిటి మధ్యా అరచేతిలో పట్టేంత నల్ల కారు.

"పెట్టాల్సిందే అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు, ఊపిరి బిగబట్టి సూదిమొనతో చిట్టి తలుపు మీద గీస్తూ. "మానేస్తే నేనే గీసి దాస్తున్నానంటారు మామయ్యగారు."

"ఏమీ అనరు, మానెయ్యండి. ముచ్చటైన బొమ్మ, మొహాన గాటెందుకు?"

అత్తగారిది జాలిగుండె. గొడవ మొదలైనప్పటి నుంచీ ఇంట్లో అల్లుడి పక్షం మాట్లాడింది ఆవిడొక్కరే. కట్టుకున్న భార్య సైతం, "పొరపాటున తగిలిందేమో, ఒప్పేసుకోరాదూ, పీడా పోతుంది" అంది.

గొడవ ఇదీ. కింది వాటాలో ఉండే మామగారికి కారంటే ప్రాణం. ఓ సాయంత్రం పై వాటా అల్లుడు దాన్ని అడిగి తీసుకెళ్ళి, స్నేహితుణ్ణి స్టేషన్లో దింపొచ్చి, తాళాలు మేకుకి తగిలించాడు. మర్నాడు పొద్దున మామగారు నడక నుంచి వచ్చి చూస్తే వెనక తలుపు మీద మూరెడు గీత! ఆయన తలుపు తీసి లోపలికి కూడా చూడలేదు. షెడ్డువాణ్ణి పిలిచి, "నా కళ్ళ ముందు నుంచి తీసుకుపో" అన్నారు. వాడొచ్చేలోగా అల్లుడు బీమా కోసం ఫోటోలు తీశాడు. ఎప్పటికైనా ఆ కారుని బొమ్మగా చేయాలని కోరిక కనుక పనిలో పనిగా లోపలా బయటా ఒక్క మూల వదలకుండా తీసేశాడు.

ఆ రోజు నుంచీ మామగారు అతనితో నేరుగా మాట్లాడరు. "అమ్మాయ్, మీ ఆయన్ని ఫ్యాను తగ్గించమను" అంటారు, స్విచ్చి కిందే అల్లుడు కూచుని ఉన్నా. షెడ్డువాడేమో ఇదిగో అదిగో అంటూ కారివ్వడం లేదు. ఖాళీ పోర్టికో చూసి ఆయన నిట్టూరిస్తే ఆ వేడి వచ్చి అల్లుడి వీపుకి తగులుతోంది.

అందుకే ఈ బొమ్మ. అచ్చుగుద్దినట్టు చేసి చేతిలో పెడితే ఆ మనిషి నోరు విప్పక ఏం చేస్తాడు!

అచ్చం ఆ మోడల్ కిట్టు దొరకలేదు. దాని చెల్లెల్లాంటిది కొని, ముక్కు కోసి, పుట్టీ పెట్టి, అరగదీసి అక్కలా మార్చాడు. మాత్రల అట్ట మీది ప్లాస్టిక్ దీపాల అద్దాలైంది. గిటారు తీగ ఏంటెన్నా అయింది. సీట్ల తొడుగులకి గుడ్డ అత్తగారే ఇచ్చారు. స్టూలు మీదికెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, అలమర పై అర లోంచి మూట లాగారు. అసలు కారు తొడుగులు కుట్టిందీ ఆవిడే. కారు గురించి ఆవిడకి తెలిసిందల్లా అంతే. "ఏది బ్రేకో ఏది హారనో నాకేం తెలుసు బాబూ, వెనక కూచుని కునుకు తీయడం తప్ప" అంటారు.

ఆదివారం పొద్దున చివరి పక్కద్దం పట్టకారులోంచి చెంగున ఎగిరిపోయింది. ముగ్గురూ టార్చి వేసుకుని నేలంతా పాకారు.

"కదలకండి! ఎవరూ కదలకండి!"

"మీ మోచేతికే అంటుకుంది మహానుభావా!" అంది భార్య.

అద్దం అతికింది. అల్లుడు బొమ్మని తీసుకెళ్ళి మామగారి పేపరు మీద పెట్టాడు.

"అమ్మాయ్, బొమ్మలాడుకునే వయసా ఇది అని మీ ఆయన్ని..." అంటూ ఆయన ఆగిపోయారు. కళ్ళజోడు సవరించుకున్నారు. పేపరు చదివే భూతద్దం అందుకున్నారు.

"ఓరి! వెనక సీట్లో నా గొడుగు! తొడుగుల మీద అవే పువ్వులు! అల్లుడూ, ఏం పనితనమోయ్!"

అల్లుడూ అన్నారు! భార్య చప్పట్లు కొట్టేసింది. భూతద్దం మెల్లగా వెనక తలుపు దాకా వెళ్ళి నిలిచింది.

"గీత కూడా పెట్టావన్నమాట."

"పెట్టాను మామయ్యగారూ. నేను చేయనిది నేనెందుకు దాస్తాను?"

ఆయన తలాడించారు. "సరే. ఆ సంగతి ఇక ఎత్తను. షెడ్డు నుంచి కారు రాగానే తాళాలు నువ్వే తెచ్చుకో."

"హమ్మయ్య! అందరికీ కాఫీ తెస్తా," అంటూ అత్తగారు పరుగులాంటి నడకతో వంటింట్లోకి వెళ్ళారు.

"కానీ ఒక్కచోట పప్పులో కాలేశావోయ్," అన్నారు మామగారు భూతద్దం దించకుండా. "డ్రైవరు సీటు చూడు, స్టీరింగుకి అంటుకుపోయింది. నేను కూచుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి."

గీత గీశావంటే ఓర్చుకున్న అల్లుడికి ఈ మాటకి మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. ఫోను తీసి ఆయన ముందుంచాడు.

"నా పనిలో తప్పా? ఆ పొద్దున తీసిన ఫోటో ఇదిగో. సీటు ఎక్కడుందో అక్కడే పెట్టాను. కావాలంటే కొలుచుకోండి!"

మామగారు ఫోటో చూశారు. బొమ్మ చూశారు. తనకంటే బెత్తెడు పొడుగున్న అల్లుడి కాళ్ళు చూశారు. పొడుగులో అచ్చం తన పోలికే అయిన కూతుర్ని చూశారు.

గుమ్మం దగ్గర కాఫీ గ్లాసులు గలగలమన్నాయి.

"వెనక్కి జరపడం మర్చిపోయాను," అన్నారు అత్తగారు.