నవల పోయిన రోజు

“నవల కాపీ చేసుకున్నారా?” గుమ్మంలో నిలబడి భార్య అడిగింది. చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. “మెకానిక్ వచ్చేస్తున్నాడు. కొత్త సిస్టమ్ వేస్తే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయట. లేవండి, నేను చేసి పెడతాను.”

“దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పానా?” అన్నాడు రచయిత, కంప్యూటర్‌కి అడ్డంగా జరిగి.

ఆయన ఉద్యోగం నీటి పన్నుల ఆఫీసులో గుమాస్తా. కానీ ఇంట్లోవాళ్లకీ చుట్టాలకీ ఆయన రచయితే. ఏళ్ల తరబడి నవల రాస్తున్నాడు మరి. ఆ నవల పుణ్యమా అని ఇంట్లో గాలీ వెలుతురూ ఉన్న ఒకే ఒక్క గది ఆయనకి దక్కింది. కూతురు వంటింటి బల్ల మీద చదువుకుంటోంది. కూరగాయలు భార్యే తెస్తుంది, కుళాయి కారితే భార్యే బాగుచేయిస్తుంది, సెలవు రోజుల్లో గంటకో టీ మాత్రం ఆయన గదికి నడిచి వస్తుంది.

ఇంతా చేసి ఆ నవలలో ఆయన రాసింది ఒక్క వాక్యం. ‘ఆ రోజు ఉదయం నుంచీ వాన కురుస్తూనే ఉంది.’ అంతే. ఆ వాన ఎవరి మీద కురుస్తోందో ఆయనకే ఇప్పటికీ తెలియదు. తలుపు వేసుకుని ఆయన ఆ గదిలో చేసేది పేకాట. అదీ కంప్యూటర్‌తో, అందులోనూ ఓటమే ఎక్కువ.

ఈ గుట్టు బయటపడితే గది పోతుంది, టీ పోతుంది, అన్నిటికన్నా ముందు పరువు పోతుంది. పెన్‌డ్రైవ్ వంక చూస్తుంటే ఆయనకి ముచ్చెమటలు పోశాయి. అంతలోనే తట్టింది. అన్నీ కాపీ చేసి, నవల ఒక్కటి మరిచిపోతే? కాగల కార్యం గంధర్వులే తీరుస్తామంటుంటే కాదనడం దేనికి?

పెన్‌డ్రైవ్ అందుకుని భార్యని పంపేశాడు. కరెంటు బిల్లులు, కూతురి మార్కుల పత్రాలు, బావమరిది పెళ్లి ఫొటోలు, ఆఖరికి పక్కింటివాళ్ల కుక్క ఫొటో కూడా ఎంతో శ్రద్ధగా ఎక్కించాడు. ‘నవల’ అన్న ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కడసారి తెరిచి చూద్దామా అనిపించింది. ఉన్న ఒక్క వాక్యమూ కంఠతా వచ్చు, ఇంక చూసేదేముంది అనుకుని వదిలేశాడు.

మెకానిక్ వచ్చి కూర్చుని, అన్నీ తీసి పెట్టుకున్నారా అని రెండుసార్లు అడిగాడు. ఒకసారి తుడిచాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా తిరిగి తేలేడని హెచ్చరించాడు. రచయితకి ఆ మాట చెవుల్లో అమృతం పోసినట్టుంది. ఇంతలో మెకానిక్ తెర మీద వేలు పెట్టి, ఇక్కడ నవల అని ఏదో ఉంది, ఇది కూడా తీశారా అన్నాడు. రచయిత వంటింటి వైపోసారి చూసి, గొంతు తగ్గించి, తీశాలేవయ్యా, నువ్వు కానివ్వు అన్నాడు.

మెకానిక్ వెళ్లిపోయాక కొత్త తెర ముందు కాసేపు వెతికినట్టు నటించి, తల పట్టుకుని కూలబడ్డాడు. అన్నీ చేసి నవలే మరిచిపోయానన్నాడు. ఎన్ని పేజీలు నాన్నా అని కూతురు భయంభయంగా అడిగితే, రెండొందలు అందామనుకున్న నోరు నాలుగొందలు అనేసింది. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా?

సంగతి తెలిసి బావమరిది ఫోన్ చేశాడు. ధైర్యం చెప్పబోయి తానే ఏడ్చాడు. అతన్ని ఓదార్చే బాధ్యత తన మీద పడేసరికి, నవల చివర్లో నాయిక ఎలా చనిపోతుందో వివరంగా చెప్పుకొచ్చాడు రచయిత. చెబుతూ ఉండగా ఆయనకి నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. ఎంత గొప్ప నవల పోయింది అనుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇంత బాగా తోస్తున్నప్పుడు ఒక్క ముక్క రాసి చావొచ్చుగా అని తనని తానే తిట్టుకున్నాడు కూడా.

సాయంత్రం భార్య టీ తెచ్చి, ఎదురుగా కూర్చుంది.

“మళ్లీ రాయలేరా?” అంది మెల్లగా.

“నాలుగొందల పేజీలు ఎలా గుర్తుంటాయే? మొదటి వాక్యం మాత్రం చెవుల్లో మోగుతోంది. ‘ఆ రోజు ఉదయం నుంచీ వాన కురుస్తూనే ఉంది.’ రోజూ చదివి దిద్దుకున్న వాక్యం, మరిచిపోతానా?”

భార్య తన ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. “మీరేం దిగులు పడకండి. నవల నిన్ననే ఇందులోకి ఎక్కించాను.”

రచయిత దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు. కప్పు కింద పెట్టి, “చదివావా?” అన్నాడు.

“చదివాను, ఎంతసేపని! కాకపోతే అందులో ఉన్నది వాన కాదండీ, ఎండ. కిందటేడు నేనే మార్చాను. మీరెప్పటికి చూస్తారా అని చూస్తున్నాను.”