కదిలిన అద్దం

పొద్దున్నే పళ్లు తోముకుని ఉమ్మి చుక్కను వెలుగుపెట్టెలో వేయడం ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఉన్న అలవాటే. కాగితం కన్నా పలుచని వెలుగుపొర ఆ చుక్కలోకి దూరి, ఒంట్లో రోగం మొలకెత్తుతుంటే ముందే చూపించేది. ఆ పెట్టెల్లో వెలుగును మళ్లించే అద్దాలను కదలకుండా పట్టి ఉంచే బిగింపులు బాలానగర్‌లో భూమేశ్ తయారుచేసేవాడు. అతని ఇంట్లోనే, ఆ ఉదయం కూతురు హాసిని చుక్కలో నల్లటి మచ్చ కనిపించింది.

అతని భార్య స్వరూప చేతిలోని టిఫిన్ డబ్బా జారిపడింది. "ఏందయ్యా ఇది? పిల్లకేమైంది?"

"అద్దం కదిలినా గిట్లనే కనిపిస్తది," అన్నాడు భూమేశ్. "నీది వేసి చూద్దాం. దాంట్ల గూడ మచ్చ ఉంటే తప్పు పెట్టెదే."

స్వరూప చుక్కలోనూ మచ్చ కనిపించింది. ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది.

భూమేశ్ మూత తీశాడు. వేడికి బిగింపు సడలి, అద్దం వెంట్రుకవాసి ఒరిగి ఉంది. వెలుగుపొర సరిగ్గా నిలిచేదాకా మర తిప్పి బిగించాడు. పాప చుక్క మళ్లీ పెట్టాడు. మచ్చ లేదు. హాసినిని ముద్దాడి, బడికి తయారవమని లోపలికి పంపాడు.

"నాది గూడ ఒక్కసారి పెట్టు," అంది స్వరూప నవ్వుతూ.

పెట్టాడు. మచ్చ అక్కడే ఉంది.

అతను మళ్లీ మర అందుకోబోయాడు. స్వరూప ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా. అద్దం మంచిగనే ఉంది," అంది మెల్లగా. "పిల్ల బడికి పోయినంక దవాఖానకు పోదాం."