పిచ్చుకను పైకెక్కించిన రోజు

"కిందికి చూడకు పిచ్చుకా! నా మొహం చూడు!"

టవర్ క్రేను చివరి నిచ్చెన కింద, కాసేపు ఆగడానికి వేసిన ఇనుప పలక మీద, ఆపరేటరు ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు. కలిసిన రెండు చేతులూ గజగజ వణుకుతున్నాయి. పాపం పిల్ల, అనుకున్నాడు.

"చూస్తున్నా బాబాయ్. మీ మొహం నిండా చెమటే!"

"ఎండలో చెమటకాక మంచు కురుస్తుందా? వాగుడాపి ఊపిరి వదులు. పీల్చినదానికంటే నిదానంగా వదలమని కదా డాక్టరమ్మ నీకు చెప్పింది?"

"మీరు వదిలి చూపించండి."

ఆయన వదిలాడు. ఆమె కూడా వదిలింది. మళ్ళీ. మళ్ళీ. వణుకు సగానికి దిగింది.

గాలివానకు ఈ క్రేను చెయ్యి గిర్రున తిరిగిననాడు ఇద్దరూ పైనున్న క్యాబిన్లోనే ఉన్నారు. ఆయన నడిపేవాడు, ఆమె నేర్చుకునేది. చావు తప్పి దిగారు. దిగినవెంటనే ఆయనకు నడుం పట్టేసింది, అప్పట్నుంచి ఇల్లు కదల్లేదు. నిన్న పిచ్చుకే వచ్చి గుమ్మంలో కూలబడింది.

"నిచ్చెన చూస్తేనే కాళ్ళు చచ్చుబడుతున్నాయి బాబాయ్. సోమవారంలోగా ఎక్కకపోతే సీటు వేరేవాళ్ళకిస్తారట. మీరు తోడొస్తేనే ఎక్కుతా."

"నా నడుం..."

"నా పొట్ట కొడతారా?"

ఇవాళ సెలవే కావడంతో బయల్దేరదీశాడు.

భయమంతా నీ బుర్రలోనే ఉందని తేల్చేసేవాళ్ళకు కొదవలేదు. సిగ్గులేని మాట! బుర్రకు ఎప్పుడో తెలుసు గాలివాన వెలిసిందని. గుండెకూ కడుపుకూ మోకాళ్ళకూ ఎవడు చెప్పాలి? నరాలకు ఉపన్యాసాలు ఎక్కవు. పక్కన ఇంకో మనిషి నిమ్మళంగా ఊపిరి తీస్తుంటే మాత్రం వాటికి ఎక్కుతుంది. ఆ పక్కమనిషి తానే అయినందుకు ఆపరేటరు ఛాతీ పొంగింది.

"పద! ఇంకొక్క నిచ్చెన!"

సగం ఎక్కారో లేదో, గాలి విసిరికొట్టింది. ఇనుము కిర్రుమంది. ఆపరేటరు ఎక్కడివాడక్కడ నిచ్చెనకు కరుచుకుపోయాడు.

"బాబాయ్?" కిందనుంచి ఆమె గొంతు.

"నీకోసమే ఆగానే! తొందరపడకు!"

"సరే. ఇద్దరం కలిసి ఊపిరి వదులుదాం. వదలండి... నిదానంగా... పట్టు బాగానే ఉందిగా?"

"నన్నడుగుతావేం? నీ పట్టు చూసుకో!"

కసిరాడేగాని, ఊపిరి మాత్రం ఆమె లెక్క ప్రకారమే వదిలాడు. గాలి తగ్గింది. చెయ్యి కదిలింది, దాని వెనకే కాలు కదిలింది. ఆ తర్వాత ఆగలేదు. నడుం ఉన్న సంగతే మరిచి, పాతికేళ్ళ కుర్రాడిలా చకచకా ఎక్కి క్యాబిన్ తలుపు తోసి ధబేలున సీట్లో కూలబడ్డాడు. కింద వీధులు, మేడలు, చీమల్లా బళ్ళు. లివర్ల మీద చేతులు వాటంతటవే వాలాయి. ఒక్క వణుకు లేదు.

"ఎక్కేశాం! ఎక్కేశామే పిచ్చుకా!" ఆయన కేకకు అద్దాలు అదిరాయి. కళ్ళలో నీళ్ళు, నోటినిండా నవ్వు. "నీ ఉద్యోగం నిలబడింది పో! ఇక మానకూడదు, రోజూ ఎక్కాలి. తెలిసిందా?"

ఆమె హెల్మెట్ తీసి, ఆయన తడి మొహంకేసి తృప్తిగా చూసింది.

"నేను రోజూ ఎక్కుతూనే ఉన్నాను బాబాయ్."