మధ్యకి కొంచెం కుడిగా

“మచ్చ ఇంకా పోలేదే చుక్కమ్మా,” అన్నాడు మేనమామ.

ఎడమ కన్ను మూసి, కుడి కంటిని కంప్యూటర్ తెరకి ఆనించినంత పని చేశాడు. జీవితమంతా టెలిస్కోపులోకి తొంగి చూసినవాడికి అలా చూడటమే అలవాటు. నక్షత్రశాలలో ఆకాశాన్ని ఫొటోలు తీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ కంటికి తిరుగు లేదని పేరు.

“ఎక్కడ మావయ్యా?”

“మధ్యకి కొంచెం కుడిగా. బూడిద రంగు నీడ. ఎక్కడో ధూళి పడింది. లక్షణమైన గెలాక్సీని పట్టుకుని మొహాన మసి పూశావు.”

మేనకోడలు కళ్లు చికిలించి చూసింది. ఏమీ కనిపించలేదు. తన కన్ను ఇంకా పదునెక్కలేదనుకుంది.

ఆమె అదే నక్షత్రశాలలో టికెట్లు చింపుతోంది. మావయ్య వదిలిన కుర్చీ ఖాళీగా ఉంది. దానికోసం నక్షత్రశాల వాళ్లు పోటీ పెట్టారు. అందులో ఎవరి గెలాక్సీ ఫొటో నెగ్గితే ఆ కుర్చీ వాళ్లది. నెగ్గకపోతే టికెట్ల కిటికీ వెనకే తల నెరిసిపోతుందని ఆమె భయం.

గెలాక్సీ ఫొటో ఒక్క క్లిక్కుతో వచ్చేది కాదు. వందల ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి కలపాలి. కలిపే ముందు కెమెరా చేసే తప్పుల్ని తీసెయ్యాలి. దానికి మూత పెట్టి చీకటి ఫ్రేములు తీస్తారు. టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ బిగించి ఇంకొన్ని తీస్తారు. వాటిని ఫ్లాట్లంటారు. ధూళి నీడల్ని పోగొట్టేవి అవే.

“ఫ్లాట్లు తీసేలోపు కెమెరా కదిల్చి ఉంటావు,” అన్నాడు మావయ్య. మళ్లీ తీసింది. మచ్చ పోలేదన్నాడు.

“గుడ్డ ముడత పడి ఉంటుంది.” ఇస్త్రీ చేసి మరీ తీసింది. పోలేదన్నాడు.

“చీకటి ఫ్రేములు ఎండాకాలంవి వాడావా ఏంటి? ఫొటో ఎంత చలిలో తీస్తే అవీ అంత చలిలోనే తియ్యాలి.” వణుకుతూ తీసింది. ఊహూఁ.

ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి స్నేహితురాలిని బతిమాలి వేరే కెమెరా తెచ్చి, మొదటి నుంచి మొదలుపెట్టింది.

“కెమెరా మారింది గానీ చెయ్యి మారలేదుగా,” అన్నాడు మావయ్య.

“నాకేమీ కనపడ్డం లేదే,” అన్నాడు ఆమె భర్త, భుజం మీంచి వంగి చూసి.

“మీకు గుమ్మంలో విడిచిన చెప్పులే కనపడవు. మీరూ చెప్పొచ్చారు!”

పాపం, చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. చూడగా చూడగా ఆమెకీ అక్కడ ఏదో నీడ ఉన్నట్టే అనిపించసాగింది. నమ్మకం ఎంత పనైనా చేస్తుంది.

గడువు ముంచుకొచ్చింది. “ఆ మచ్చతో పంపేటట్టయితే నా పేరెత్తకు,” అని మావయ్య తేల్చి చెప్పేశాడు.

అప్పుడు ఆమె చెయ్యకూడని పని చేసింది. మధ్యకి కొంచెం కుడిగా, మౌస్ పట్టుకుని, చేత్తోనే కాస్త వెలుగు పూసింది. పౌడరద్దినంత సుతారంగా పూసింది. మావయ్యకి చూపించకుండా పంపేసింది.

నెగ్గింది! నక్షత్రశాల ముందు హాల్లో ఆమె గెలాక్సీని గోడకి తగిలించారు. టికెట్ల కిటికీలోంచి తల బయటికి పెట్టి మరీ చూసుకుంది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. న్యాయనిర్ణేతలు అసలు ఫ్రేములు తెప్పించుకుని పోల్చి చూశారు.

“వీటిలో లేని వెలుగు నీ ఫొటోలోకి ఎలా వచ్చిందమ్మా?” అడిగింది వాళ్ల అధ్యక్షురాలు.

“అక్కడ... మచ్చ ఉంటే దిద్దానండీ.”

“దిద్దడం కాదిది. దొంగ వెలుగు.”

ఇక ఏ పోటీకీ పనికిరాదన్నారు. టికెట్ల పనైనా ఉంచుతున్నందుకు సంతోషించమన్నారు. ఫొటో దింపేసి, గోడకి కొత్తగా తెల్లరంగు వేయించారు.

కబురు విని మావయ్య రొప్పుతూ వచ్చాడు. నలుగురూ చూస్తుండగా హాల్లోనే అందుకున్నాడు.

“చేతకాకపోతే చేతకాదని ఏడవాలి గానీ ఇదేం పాడుబుద్ధే! ఇన్నేళ్ల నా పరువు గంగలో కలిపావు!”

“తప్పు నాదే మావయ్యా,” అంది ఆమె వెక్కుతూ. “ఒక్క మచ్చ తియ్యలేకపోయాను.”

ఆయన విసురుగా గోడ వైపు తిరిగి, ఎప్పటిలాగే ఎడమ కన్ను మూసి పరీక్షగా చూసి, “కొత్త గోడ కూడా పాడు చేశారు వెధవలు,” అని గొణుక్కుంటూ, ఎక్కడా ఒక్క మరకా లేని ఆ తెల్లటి గోడని, మధ్యకి కొంచెం కుడిగా, జేబురుమాలుతో రుద్దడం మొదలుపెట్టాడు.