మెయిన్ కంప్యూటర్ పేరు

"డేటాబేస్ కనెక్ట్ కాలేదు."

షాపులోని మూడు బిల్లింగ్ కంప్యూటర్లదీ అదే మాట. లెక్కలన్నీ పోయాయేమోనని కోడలు గబగబా ఫోన్ అందుకుంది.

సాఫ్ట్‌వేర్ అతను ఫోన్‌లో అడిగాడు: "మెయిన్ కంప్యూటర్ పేరు మార్చారా మేడమ్? మిగతావి ఆ పేరుతోనే దాన్ని వెతుక్కుంటాయి."

దానికి చనిపోయిన అత్తగారి పేరు పెట్టుకున్నది మామగారు. నిన్న తీసేసింది తను.

వెనక మామగారి గొంతు: "ఎవరు మార్చారమ్మా?"

"నేనే మామయ్యా. ఆ పేరు చూసినప్పుడల్లా మీకు బాధేస్తుందేమోనని..."

ఆయన కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"మళ్లీ అదే పెట్టెయ్యమ్మా. పొద్దున్నే ఆ పేరు కనబడుతుందనే షాపుకొస్తున్నా. ఇవాళ కనబడకపోయేసరికి నాకూ భయమేసింది."