కీ లేని వాచీ

వాచీ మళ్లీ ఆగిపోయింది. జయమ్మాళ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

అది అల్లాటప్పా వాచీ కాదు. స్విట్జర్లాండు సరుకు, బంగారు డబ్బీ. ఫ్రెంచి జెండా దిగిన యేడు, ఓడెక్కి వెళ్లిపోతూ ఆఫీసు దొర తన చేతినుంచి విప్పి టైపిస్టు వరదరాజులు చేతికి కట్టాడు. ఆనాటినుంచి రేడియో టైముకి ఒక్క నిమిషం అటూ ఇటూ అయిన పాపాన పోలేదు. చర్చి గంటైనా తడబడుతుందేమో గానీ మా ఆయన వాచీ తడబడదని జయమ్మాళ్ వీధంతా చెప్పుకునేది.

ఎవరి కళ్లు పడ్డాయో ఏమో, వరదరాజులుకి ఎడమ పక్క పడిపోయింది. కాలు మెల్లగా తేరుకుంది. చెయ్యి మాత్రం కొయ్యబారిపోయింది. చీమ కుట్టినా తెలియదు. వాచీ కూడా అప్పట్నించే మొండికేసింది.

ముత్తియాల్‌పేటలో వాచీలు బాగుచేసే త్యాగరాజన్ దాన్ని విప్పి చూశాడు. రోగమేమీ లేదని తేల్చేశాడు.

“దీనికి కీ ఇచ్చే పనే లేదక్కా. కట్టుకున్నోళ్ల చెయ్యి ఆడతా ఉంటే దానంతటదే తిరగతాది. బావ చెయ్యి ఆడితే వాచీ ఆడతాది, అంతే.”

ఆ మాట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేసింది. వరదరాజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ముట్టడు మరి! వయసంతా రెండు చేతులా టైపు కొట్టి బతికినవాడు. యానాం నుంచి వచ్చిన కొత్త ఆఫీసరు బాపిరాజు మంచివాడే. దీపావళి దాటాక డాక్టరుకి చెయ్యి చూపించమనీ, ఆడితే కుర్చీ నీదేననీ కబురు పెట్టాడు. ఆడకపోతే ఏమిటన్నది అతనూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

జయమ్మాళ్ చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. ఇల్లు గడవాలి కదా. ఇంటి ముందే ఇడ్లీలు పోసి అమ్మడం మొదలుపెట్టింది. తెల్లారకముందే లేచి రోలు ముందు కూర్చుంటే, మర్నాటి ఇడ్లీలకి రెక్కలు ఊడిపోయేలా పిండి రుబ్బడమే. మొగుడు కళ్లు తెరిచేసరికి కాఫీ సిద్ధం.

ఒక పొద్దున కాఫీ అందిస్తూ అతని మణికట్టు వైపు వంగి చూసింది.

“ఇదో, తిరగతా ఉండాది చూడు. రాత్రి ముల్లు సరిచేసి కట్టినా. నిద్దర్లో చెయ్యి ఆడి ఉంటాది.”

రేడియోలో వార్తలప్పుడు ఇద్దరూ సరిచూశారు. అచ్చంగా సరిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నిద్రలో వేళ్లు చిమచిమలాడినట్టుందని వరదరాజులు ఒకరోజు అన్నాడు. మోచేయి గుంజినట్టుందని ఇంకోరోజు. జయమ్మాళ్ పొంగిపోయింది. ఇడ్లీలు తినడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. అతను కడుపునిండా తింటున్నాడు. టైపు మిషను మీద దుమ్ము తుడిచిపెట్టమని కూడా అన్నాడు. ఇంట్లో మళ్లీ నవ్వులు వినబడ్డాయి.

దీపావళి వెళ్లింది. ఇద్దరూ రిక్షా ఎక్కి ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు ఆ చేతిని ఎత్తి వదిలాడు. దబ్బున పడింది. సూదితో గుచ్చాడు. వరదరాజులు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాచీ సంగతి చెబుదామని జయమ్మాళ్ నోరు తెరిచి, మానుకుని, ఆ చేతిని ఎత్తి అతని ఒళ్లో పెట్టింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. కుర్చీ పోయింది.

ఇంటికొచ్చాక ఆమె చాపమీద కూలబడింది. ఏం చెయ్యాలో, ఎవర్ని అడగాలో తెలియడం లేదు. వరదరాజులు వచ్చి పక్కన కూర్చున్నాడు. బాగున్న చేత్తో ఆమె కన్నీళ్లు తుడిచాడు.

“రేపట్నించి రుబ్బేటప్పుడు వాచీ కట్టుకోవద్దులే జయమ్మా, పట్టీ సందుల్లో పిండి ఎండిపోతా ఉండాది” అన్నాడు.